భాయ్ రక్తం

మొన్న తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు నన్ను పిలిచి, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం అన్నారు. మైకు ముందు నిలబడ్డాక నాకు మాట రాలేదు. పిపెట్ ఎలా పట్టుకోవాలో, గ్లోవ్స్ ఎప్పుడు మార్చాలో ఏదో చెప్పి, వాళ్ళు కప్పిన శాలువా చంకన పెట్టుకొని పాకాల రైలెక్కేశాను. రైలు కదిలాక చెప్పాల్సిందంతా వరసగా గుర్తుకొచ్చింది. నాకెప్పుడూ ఇంతే. పోట్లాటకు తప్ప ఇంక దేనికీ సమయానికి మాటలు దొరకవు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

నేను మర్చిపోలేని కేసు మా దగ్గరికి వచ్చిన రోగిది కాదు. నా పక్క కుర్చీలో కూర్చొని పనిచేసిన మనిషిది.

ముందు మా పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నా ఉద్యోగం చివరి భాగమంతా దాదాపు ఒకే పరీక్ష మీద గడిచింది. టీబీ క్రిమి ఈ మనిషి ఒంట్లోకి ఎప్పుడైనా వచ్చిందా అని అతని రక్తంలోని తెల్లకణాలను అడిగే పరీక్ష అది. టీబీ సోకిన వాళ్ళందరికీ జబ్బు బయటపడదు. క్రిమి లోపలికి వచ్చి, ఏదో ఒక మూల అణిగి ఉండిపోతుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, మనిషికి ఆ సంగతే తెలియదు. తెల్లకణాలకు మాత్రం తెలుసు. ఒకసారి దానితో తలపడ్డాయి కాబట్టి ఆ క్రిమి తాలూకు చిన్న ముక్కను చూపించినా గుర్తుపట్టి, ఒక పదార్థాన్ని బయటికి వదులుతాయి. ఆ పదార్థం ఉందా, ఉంటే ఎంత ఉంది అని మేము కొలుస్తాం.

ఒక్కో మనిషి రక్తాన్ని మూడు గొట్టాల్లోకి తీస్తాం. మొదటిదాంట్లో ఏమీ ఉండదు. రెండోదాంట్లో టీబీ క్రిమి ముక్కలు ఉంటాయి. మూడోదాంట్లో ఎలాంటి తెల్లకణాన్నయినా రెచ్చగొట్టే మందు ఉంటుంది. మూడింటినీ ఒంటి వేడి ఉండే పెట్టెలో మర్నాటి దాకా ఉంచుతాం. తర్వాత వాటిలో పైన తేలిన ద్రవాన్ని ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో వేసి రంగు తిరిగే మందు పోస్తే, ఆ పదార్థం ఉన్న గుంట నీలం తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు నేను దీన్ని పుస్తకంలో ఉన్నట్టు చెబితే బుర్రలూపి, తర్వాత భాయ్ దగ్గరికి పోయి మళ్ళీ అడిగేవాళ్ళు. భాయ్ తన పద్ధతిలో చెప్పేవాడు.

"మొదటిదాన్ని కదిలించొద్దు, నిద్రపోనీ. రెండోదాన్ని టీబీ పేరు పెట్టి పిలువు, పలుకుతాదో లేదో సూడు. మూడోదాన్ని గిచ్చు. గిచ్చినా లేయలేదంటే ఆడ బలం లేదని."

ఇంతకంటే బాగా నేను ఏ డాక్టరు నోటా వినలేదు. మా మేడం కూడా, అంటే మా ల్యాబుకు పెద్ద డాక్టరమ్మ, క్లాసులో ఇదే మాట వాడుకునేవారు. వాడుకున్నప్పుడు భాయ్ వైపు చూసి నవ్వేవారు.

భాయ్ అసలు పేరు రిజిస్టరులో ఉండేది. ఊరంతటికీ భాయే. చిత్తూరు వాళ్ళది. నాయన బజారులో టైలరు. అన్నదమ్ములందరూ మిషన్ల ముందు కూర్చుంటే ఇతనొక్కడు ఆస్పత్రి వైపు వచ్చాడు. "మా నాయన సూది నాకే వచ్చింది" అనేవాడు. నిజంగానే అతని చేతికి సూది అలవాటు. మాలో మిగతావాళ్ళం నరం దొరక్క తడుముకుంటూ ఉంటే, అతను వేలితో ఒకసారి నిమిరి కళ్ళు మూసుకున్నట్టు చూసేవాడు, పని అయిపోయేది. పిల్లలొస్తే ముందు మీ ఇంట్లో కుక్క ఉందా, దాని పేరేమిటి, అది ఎవరినయినా కరిచిందా అని కబుర్లు మొదలుపెట్టేవాడు. కుక్క కథ పూర్తయ్యేలోపల గొట్టాలు నిండేవి.

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ఇప్పుడు దాచి లాభం లేదు, నాతో పనిచేసినవాళ్ళు చాలామంది బతికే ఉన్నారు. కిట్లు అమ్మే కంపెనీ వాళ్ళంటే నాకు నమ్మకం లేదు. మిషను బాగుచేయడానికి వచ్చే కుర్రాళ్ళంటే అసలే లేదు. నేను ఫోన్‌లో అరవడం మొదలుపెట్టగానే భాయ్ వచ్చి ఫోన్ తీసుకొని, నేను అరిచిన మాటనే మెల్లగా చెప్పేవాడు. అవతలివాళ్ళు సరేననేవాళ్ళు. ఇది కూడా నాకు కోపం తెప్పించేది.

ఒకసారి బంగారుపాళ్యం ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన రక్తం మొత్తం మూగబోయింది. ఏ గొట్టమూ పలకలేదు, గిచ్చినా లేయలేదు. ఆరా తీస్తే, అక్కడి నర్సు రక్తాన్ని ఐసులో కూరి పంపింది. అది మామిడికాయల సీజను. దగ్గర్లో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకి పోయి అడిగి మరీ తెచ్చిందట ఐసు. అంత శ్రద్ధ. మిగతా రక్తపరీక్షలకు చాలావాటికి చల్లగా ఉంచడం మంచిదే, అది ఆమె తప్పు కాదు. కానీ ఈ పరీక్షకు కణాలు చురుగ్గా ఉండాలి. నేను ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల కాసేపు విని, "పాలకేస్తారు, టీకాలకేస్తారు, రక్తానికి మాత్రం యేయకూడదా అక్కా" అని ఏడ్చేసింది.

భాయ్ ఫోన్ లాక్కున్నాడు. "ఏం కాలేదులేమ్మా. ఇది పాల మాదిరి కాదు, ఇంగా బతికుండేది. పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తీసుకొని రా, సాలు" అన్నాడు.

ఆ తర్వాత బంగారుపాళ్యం పెట్టె వచ్చినప్పుడల్లా గొట్టాలు మెత్తటి పాత నూలుచీర ముక్కలో చుట్టి ఉండేవి. పెట్టె తెరిస్తే మామిడిపండ్ల వాసన. ఒక్కోసారి చీర ముక్క పక్కన నాలుగు పండ్లు కూడా ఉండేవి. రక్తం పక్కన తినే వస్తువు పెట్టకూడదని నేను మళ్ళీ తిట్టడానికి ఫోన్ తీస్తే, ఈ లోపల భాయ్ వాటిని పెట్టెలోంచి తీసి దాచేసేవాడు.

ఇప్పుడు మా ల్యాబు అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త కిట్టు పెట్టె తెరిచినప్పుడల్లా అది సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. దానికి మనకు జవాబు ముందే తెలిసిన రక్తం కావాలి. కంపెనీవాళ్ళు ఒక ద్రవం ఇస్తారు కానీ అది చివరి మెట్టుకు, అంటే ప్లేటు పనికి, మాత్రమే పనికొస్తుంది. గొట్టాలు బాగున్నాయా, వేడి పెట్టె సరిగా ఉందా అనేది అది చెప్పదు. అందుకని మేము మా చేతులే చాపేవాళ్ళం. భాయ్ రక్తం ఎప్పుడూ పలికేది. నా రక్తం ఎప్పుడూ పలికేది కాదు. ఇద్దరం పక్కపక్కన కుర్చీల్లో కూర్చొని, అతను నాకు, నేను అతనికి రక్తం తీసుకునేవాళ్ళం. మర్నాడు భాయ్ గుంట నీలం తిరిగి, నా గుంట నీళ్ళలా ఉంటే, కిట్టు బాగున్నట్టు లెక్క.

"నీ కోపానికి టీబీ గూడా దగ్గిరికి రాలేదు సూడు" అని ఏడిపించేవాడు.

అతనికి ఆ క్రిమి ఎక్కడిదో చాలా రోజులకు చెప్పాడు. అతను చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు వాళ్ళమ్మకు టీబీ వచ్చింది. పెద్దవాళ్ళు పిల్లలందర్నీ వేరే పడుకోబెట్టారు. ఇతను మాత్రం అందరూ పడుకున్నాక పాక్కుంటూ పోయి ఆమె చాప మీదే పడుకునేవాడట. ఆమె పోయింది. వాళ్ళ ఇంట్లో ఫోటోలు తీయించుకునే అలవాటు లేదు. ఆమె మొహం ఎలా ఉంటుందో అతనికి సరిగా గుర్తులేదు. గొంతు గుర్తులేదు. దగ్గు మాత్రం గుర్తుంది అన్నాడు.

ఉద్యోగంలో చేరాక, మా ల్యాబులో ఈ పరీక్ష మొదలుపెట్టినప్పుడు, అందరం సరదాకి మా రక్తాలు చూసుకున్నాం. భాయ్‌ది ముదురు నీలం తిరిగింది. మేడం అతన్ని ఊరికే వదల్లేదు. ఎక్స్‌రే తీయించి, జబ్బు లేదని చూసుకొని, ముందుజాగ్రత్త మాత్రలు మొత్తం మింగించారు. అతను బుద్ధిగా మింగాడు. కానీ మందు క్రిమిని చంపుతుంది గానీ కణాలకున్న జ్ఞాపకాన్ని చెరిపేయదు. ఆ తర్వాత కూడా ఎప్పుడు చేసినా భాయ్ రక్తం పలుకుతూనే ఉంది.

"మాయమ్మవి అన్నీ పోయినాయి. చీరలు పంచేసినారు, గాజులు యాడ పోయినాయో. ఇది మాత్రం నా దగ్గిర ఉండాది" అన్నాడు ఒకరోజు, ప్లేటులో తన గుంటను చూపిస్తూ.

నాకు నోరు ఊరుకోదు కదా. నువ్వు ఆస్పత్రిలో పనిచేస్తున్నావు, రోజూ ఎంతమంది మొహం మీద దగ్గుతారు, ఇది ఎవరిచ్చిందో ఈ పరీక్ష చెప్పదు భాయ్ అన్నాను. అది నిజమే. శాస్త్రం అంతవరకే చెబుతుంది.

"టెస్టు చెప్పదులేమ్మా. నాకు తెలుసు" అన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

భాయ్ రెండో గొట్టంలో మిగిలిన ద్రవాన్ని మేము పారేసేవాళ్ళం కాదు. చిన్న చిన్న బుడ్లలో పోసి, బాగా చల్లగా ఉండే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేవాళ్ళం. అప్పటికే కణాలు తమ పని తాము చేసేసి ఉంటాయి కాబట్టి ఆ ద్రవాన్ని గడ్డ కట్టించినా ఏమీ కాదు. ప్రతి ప్లేటులో ఒక మూల గుంటలో దాన్ని వేస్తే, చివరి మెట్టు సరిగా జరిగిందని అది సాక్ష్యం చెప్పేది. బుడ్ల మీద లేబుళ్ళు భాయే రాసేవాడు. మూల గుంట నీలం తిరగగానే మాకు ధైర్యంగా ఉండేది. పని ఎంత ఉన్నా, అప్పుడు ఒక నిమిషం ఇద్దరం ప్లేటు మీదికి వంగి చూసేవాళ్ళం. నా జీవితంలో నేను మళ్ళీ కావాలనుకునే నిమిషాలు లెక్కపెడితే అవే ఎక్కువ ఉంటాయి.

ఆ ఏడు మామిడి సీజను మధ్యలో కొత్త కిట్లు వచ్చాయి. అదే వారం బంగారుపాళ్యం నుంచి ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. ఆమె భర్త గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అతనికి టీబీ బయటపడింది. పిల్లలకు సోకిందేమో చూడమని పంపించారు. పెద్దపిల్ల గంభీరంగా చేయి చాపింది. చిన్నది తల్లి కొంగులో దూరింది. భాయ్ కుక్క కథ మొదలుపెట్టాడు. వాళ్ళింట్లో కుక్క లేదట, మేక ఉందట. మేక కథతోనే పని కానిచ్చాడు. ఆ పూట మా ఇద్దరి రక్తం కూడా తీసుకున్నాం, కొత్త కిట్టును చూడటానికి.

అతని చేయి పట్టుకున్నప్పుడు గడియారం మోచేతి దాకా జారింది. సన్నబడ్డావే భాయ్ అన్నాను. ఎండలు గదమ్మా అన్నాడు. అంత వేడిలోనూ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని ఉన్నాడు. చూశాను, కానీ దాన్ని గురించి ఆలోచించలేదు.

మర్నాడు ప్లేటు పెట్టాం. రంగు తిరిగే మందు పోశాను. కాసేపటికి నీలాలు లేవడం మొదలైంది. రోగులందరి మూడో గొట్టాలూ ముదురుగా లేచాయి. నాది ఎప్పటిలాగే టీబీ గుంటలో ఏమీ లేదు. పెద్దపిల్ల టీబీ గుంట పలికింది. చిన్నపిల్లది పలకలేదు. మూల గుంటలో ఫ్రీజర్ నుంచి తీసిన భాయ్ పాత ద్రవం ఎప్పటిలా నీలంగా ఉంది. నిన్న తీసిన భాయ్ కొత్త రక్తం మాత్రం, రెండో గొట్టంలో పలకలేదు, మూడో గొట్టంలో కూడా పలకలేదు. నీళ్ళు.

ఒకే ప్లేటులో పాత భాయ్ పలికాడు, కొత్త భాయ్ పలకలేదు. ఇంతకంటే స్పష్టంగా ఏ ప్లేటూ ఏ సంగతీ చెప్పదు. ఆ సంగతి చూడకుండా ఉండటానికి నేను ఎన్ని చేయాలో అన్నీ చేశాను.

గొట్టాలు సరిగా ఊపలేదు అన్నాను. వేడి పెట్టె తలుపు సరిగా పడలేదు అన్నాను. కరెంటు పోయి ఉంటుంది అన్నాను. కిట్టే చెడిపోయింది అన్నాను. మేడం వచ్చి చూశారు. తెలిసిన రక్తం పలకకపోతే, ఎందుకు పలకలేదో తేలేదాకా రిపోర్టులు బయటికి ఇవ్వకూడదు, అది మా నియమం. మళ్ళీ చేసి చూడండి అన్నారు. పాత కిట్టులో మిగిలిన గొట్టాలతో భాయ్ రక్తం మళ్ళీ తీశాను. మర్నాడు మళ్ళీ నీళ్ళే.

అప్పటికీ ఒప్పుకోలేదు. కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. ఈసారి ఫోన్ తీసుకోవడానికి భాయ్ లేచి రాలేదు.

రిపోర్టు కోసం ఆ తల్లి పిల్లల్ని తీసుకొని బస్సులో వచ్చి బెంచీ మీద కూర్చుంది. నేను బయటికి పోయి, కిట్టు బాగాలేదమ్మా, పిల్లలిద్దరికీ మళ్ళీ రక్తం తీయాలి అన్నాను. చిన్నపిల్ల వెంటనే చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. మళ్ళీనా అంది తల్లి. కోపంగా కాదు, అలిసిపోయి.

భాయ్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నన్ను లోపలికి రమ్మన్నాడు. రక్తం తిప్పే సెంట్రిఫ్యూజ్ గదిలోకి పోయి తలుపు దగ్గరికేశాడు. పై గుండీ విప్పి మెడ చూపించాడు. చెవి కింద నుంచి భుజం దాకా గడ్డలు, చర్మం కింద గోళీకాయల్లా ఉన్నాయి.

"కిట్టు బాగుండాదమ్మా. చెడింది నేను. తెల్లకణాలు కూడా సూసుకుంటి, బాగా తగ్గిపోయినాయి. మేడానికి చెప్పాలనే ఉండాను" అన్నాడు.

నువ్వు ఊరుకో భాయ్, ఇంకో పెట్టె తెప్పిస్తాను, ఇంకోసారి చేద్దాం అన్నాను.

"గిచ్చినా లేయలేదంటే ఏందో అందరికీ చెప్పేది నేనే గదా. ఇంగోసారి సేసినా అదే వస్తాది. నా ఒక్కడి కోసం ఆ పాపకు మళ్ళా సూది ఎందుకు?"

అతనే మేడం గదిలోకి పోయి చెప్పాడు. మేడం లేచి వచ్చి అతని మెడ తడిమి చూశారు. తర్వాత బంగారుపాళ్యం పిల్లల రిపోర్టులు తెప్పించుకొని సంతకం పెట్టారు. పెద్దపిల్లకు మాత్రలు రాశారు, చిన్నదాన్ని ఎప్పుడు తీసుకురావాలో తల్లికి చెప్పారు. మళ్ళీ సూది లేదని తెలిశాక గానీ చిన్నపిల్ల చేతులు ముందుకు తీసుకురాలేదు. పోతూ పోతూ భాయ్‌కి టాటా చెప్పింది. మీ మేకను అడిగానని చెప్పు అన్నాడు భాయ్.

వాళ్ళు పోయాక ఆ బెంచీ మీద కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ధైర్యం చెప్పాలని వచ్చాను కానీ, పోట్లాడటానికి ఎవరూ లేనిచోట నాకు ధైర్యం చెప్పడం రాదు. జబ్బును గురించి అతను ఏమీ మాట్లాడలేదు. ఇల్లు, పిల్లల గురించి మాట్లాడలేదు.

"నా రక్తం మాయమ్మను మర్చిపోయిందమ్మా" అన్నాడు.

అది జబ్బు వల్ల, కణాలకు బలం లేక, మర్చిపోవడం వేరు బలం లేకపోవడం వేరు అని శాస్త్రం చెప్పాను. చెబుతూనే ఏడ్చాను. నేను ఏడవడం మా ల్యాబులో ఎవరూ చూసి ఉండలేదు. భాయే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

అతని జబ్బు రక్తానికి సంబంధించిన క్యాన్సర్ అని తేలింది. వైద్యానికి వేలూరు పోయేవాడు. తిరుపతి నుంచి వేలూరు దగ్గరి కాట్పాడికి పోయే రైలు మా పాకాలలో ఆగుతుంది. అతను పోయే రోజుల్లో నేను సెలవు పెట్టి స్టేషన్‌కి వచ్చేదాన్ని. రైలు ఆగే కాసేపు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. పక్కన అతని భార్య కూర్చొని ఉండేది, నేను వచ్చానంటే ఆమె లేచి నాకు కిటికీ వదిలేది. అతను తన ఒంటి సంగతి చెప్పేవాడు కాదు. ల్యాబు సంగతులు అడిగేవాడు. కొత్త పిల్లలకు నరం దొరుకుతోందా, బంగారుపాళ్యం పెట్టె వస్తోందా, పండ్లు నువ్వే తింటా ఉండావా అని. నేను ఎవరెవరితో పోట్లాడానో చెప్పేదాన్ని. నవ్వేవాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చేది.

ఒకసారి, రైలు కదలబోతుండగా, "ఫ్రీజర్‌లో నావి ఇంగా ఉండాయా?" అన్నాడు.

ఉన్నాయి అన్నాను. నిజానికి చివరిసారి అతను పలికిన ద్రవం అక్కడ కొన్ని బుడ్లలో ఉంది. నేను వాటిని వాడటం మానేసి వెనక్కి నెట్టి పెట్టాను. కంపెనీవాళ్ళు ఇచ్చే ద్రవంతోనే పని నడిపిస్తున్నాను. అది అతనికి చెప్పలేదు. నా మొహం చూసి కనిపెట్టేశాడు.

"దాచిపెట్టద్దమ్మా. అది పనికోసం తీసింది. వాడు" అన్నాడు.

రైలు కదిలింది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు కిటికీ దగ్గర మాట్లాడుకున్నాం కానీ, ఆ సంగతి మళ్ళీ రాలేదు. నయమైతే మళ్ళీ పరీక్ష చేసి చూద్దాం, పలుకుతుందేమో అని అనుకున్నాం. ఇద్దరం అన్నాం, ఇద్దరం నమ్మలేదు. వానలు మొదలయ్యే వేళకు భాయ్ పోయాడు. చిత్తూరులో వాళ్ళ నాయన సమాధి పక్కన పెట్టారు. వాళ్ళమ్మను ఎక్కడ పెట్టారో గుర్తు చెప్పగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు, లేకపోతే అక్కడే పెట్టేవాళ్ళం అంది అతని భార్య.

అతను చెప్పినట్టు వాడాను. వాడినప్పుడల్లా మూల గుంట నీలం తిరిగేది. మనిషి లేడు, ఆ మనిషి రక్తం ఒకప్పుడు గుర్తుపట్టిన సంగతి మాత్రం ప్లేటులో ఇంకా పలుకుతూనే ఉంది. కొత్త పిల్లలకు అది వట్టి కంట్రోల్, ప్లేటును సరిచూసుకునే ద్రవం. వాళ్ళది తప్పు కాదు. చివరికి ఒక్క బుడ్డి మిగిలింది. దాన్ని మాత్రం నేను తీయలేదు. ఫ్రీజర్ అరలో అన్నిటికంటే వెనక, మంచు కింద పెట్టుకున్నాను. అప్పటికి నా రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది. దాన్ని అక్కడే వదిలి పోవాలనుకున్నాను. ఎవరైనా ఎప్పుడైనా ఫ్రీజర్ సర్దితే పారేస్తారని తెలుసు. అయినా అనుకున్నాను.

ఒకరోజు కంపెనీ ద్రవం దారిలో ఆలస్యమై, కరిగి పాడైపోయి వచ్చింది. అదే పూట ప్లేటుకు సిద్ధంగా ఉన్న గొట్టాల్లో బంగారుపాళ్యంవి ఉన్నాయి, నూలుచీర ముక్కలో చుట్టి వచ్చినవి. కీళ్ళవాతానికి బలమైన మందు మొదలుపెట్టబోయే ముసలాయన రక్తం కూడా ఉంది. లోపల టీబీ అణిగి ఉంటే ఆ మందు దాన్ని లేపుతుంది, అందుకని డాక్టర్లు మా రిపోర్టు కోసం ఆగి ఉన్నారు. మేడం, వేరే ఆస్పత్రి నుంచి ద్రవం తెప్పిద్దాం, రెండు మూడు రోజులు పడుతుంది, వాళ్ళకు చెప్పు అన్నారు. ఫ్రీజర్‌లో ఇంకేమీ లేదు కదా అని అడిగారు.

లేదు అనవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ మాట నోటి దాకా వచ్చింది.

ఉంది మేడం అన్నాను.

చేతికి మందపాటి గ్లోవ్స్ తొడుక్కొని, మంచు గీకి, బుడ్డి బయటికి తీశాను. లేబుల్ మీద భాయ్ రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి, మార్కరు ఇంకు కొంచెం చెదిరింది. గుప్పిట్లో పెట్టుకొని కరగనిచ్చాను. అలా కరిగించకూడదు, బల్ల మీద పెట్టి కరగనివ్వాలి. ఆ ఒక్కసారికి నేను నియమం తప్పాను. తర్వాత పనంతా పద్ధతి ప్రకారమే చేశాను.

రంగు మందు పోసి చూస్తూ నిలబడ్డాను. ముందు ఏమీ లేదు. ఇన్నాళ్ళు ఉంచేశాను కదా, పాడైపోయిందేమో అనుకున్నాను. తర్వాత మూల గుంటలో సన్నగా మొదలై, నీలం చిక్కబడింది. ఎప్పటి నీలమే. ఆ నీలాన్ని అలాగే ఉంచాలని ఎంత ఉన్నా, టైము అయిపోగానే ఆమ్లం పోసి ఆపేయాలి, లేకపోతే అందరి లెక్కలూ తప్పుతాయి. ఆమ్లం పోస్తే నీలం పసుపు అయిపోతుంది. టైము కాగానే పోశాను. ముసలాయన రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్ళింది.

ఖాళీ బుడ్డిని అందరివీ వేసే సంచిలోనే వేశాను.

కానీ అంతకుముందు, నీలం లేచిన ఆ నిమిషంలో, ప్లేటు మీదికి వంగి, అలవాటు కొద్దీ పక్క కుర్చీ వైపు తిరిగాను. "పలికింది భాయ్, మీ అమ్మను మర్చిపోలేదు" అని పైకే అన్నాను. ఆ కుర్చీలో కూర్చున్న కొత్త పిల్ల తలెత్తి, ఏం మేడం అంది. ఏమీ లేదు, ప్లేటు బాగా వచ్చింది అన్నాను.